శనివారంలోగా తేల్చుకో

ఎస్తేరమ్మ ఆఫీసు మెట్లెక్కి వచ్చేసరికి ఉదయం తొమ్మిదిన్నర. నర్సింగ్ హోమ్‌లో డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, కోటు కింద యూనిఫాం అలాగే ఉంది. కిరణ్మయి కుర్చీ చూపిస్తే అంచున కూర్చుంది. టీ కప్పు చేతికిస్తే పట్టుకుందే గానీ తాగలేదు.

"మా ఆయన్ని గార్డ్స్ పోలీసు స్టేషనుకు తీసుకెళ్ళారండి," అంది. "నిన్న వదిలిపెట్టారు గానీ పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉంచేసుకున్నారు. ఆయన చేసిన తూటా పేలి మనిషి పోయాడంట. మా పాప ఫెబి స్కూలుకెళ్తూ 'డాడ్ ఈజ్ గ్రాండ్, ఈజ్‌న్ట్ హీ?' అని, నాన్న బాగానే ఉన్నాడు కదా అనడిగింది. ఏం చెప్పాలండీ దానికి?"

బాలింకాలిగ్ మెయిన్ స్ట్రీట్‌లో మందుల షాపు పైనున్న ఆ రెండు గదుల ఆఫీసుకు ఇలాంటి కేసు రావడం అదే మొదలు. వచ్చేవన్నీ ఇన్సూరెన్స్ మోసాలు, తప్పిపోయిన మనుషులు. నాగరత్నం హైదరాబాదు ఫోరెన్సిక్ ల్యాబ్‌లో తుపాకుల విభాగంలో ఇరవై రెండేళ్ళు పనిచేశాడు. భార్యకు కార్క్ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం రావడంతో ముందుగా రిటైరై ఆమె వెంట వచ్చాడు. ఏడాది పాటు ఇంట్లో వంట చేసి, తర్వాత ఈ డిటెక్టివ్ ఆఫీసు బోర్డు తగిలించాడు. వరంగల్ అమ్మాయి కిరణ్మయి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి మూడు నెలలు సాయం చేద్దామని వచ్చింది. అది జరిగి మూడేళ్ళయింది. ఇప్పుడు 2006 నవంబరు.

"మొదట్నించీ చెప్పమ్మా," అన్నాడు నాగరత్నం. ఆయన గొంతు ఎప్పుడూ పైకి లేవదు.

ఎస్తేరమ్మ చెప్పింది. భర్త శౌరి గుంటూరులో లేత్ మెషీన్ మీద పెరిగిన మనిషి. ఇక్కడ ఒక వర్క్‌షాపులో పని. మక్రూమ్ దాటాక కొండల్లో ఉండే డోనల్ అనే ఐరిష్ రైతు ఏదో ట్రాక్టరు ముక్క చేయించుకోవడానికి వచ్చి శౌరికి స్నేహితుడయ్యాడు. డోనల్‌కు జింకల వేటంటే ప్రాణం. కాల్చిన తూటాల ఇత్తడి తొడుగుల్ని మళ్ళీ నింపుకునే సరంజామా అతని షెడ్డులో ఉంది. దాన్ని రీలోడింగ్ అంటారు. చేతిపని మీద ఇష్టంతో శౌరి ఆ పనిలో దిగాడు.

"సెలవొస్తే ఆ షెడ్డులోనే," అంది ఎస్తేరమ్మ. "డ్యూటీకి రంగు పెట్టుకోకూడదని రంగులేని గోళ్ళరంగు కొనుక్కుంటే ఆ సీసా కూడా పట్టుకుపోయాడు. ఎన్ని సీసాలు కొన్నా అంతే. అయినా ఆయన పనిలో తప్పు చెయ్యడండీ. వెంట్రుక వాసి తేడా వస్తే మళ్ళీ మొదట్నించి చేసే మనిషి."

నాగరత్నం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఈ కేసు తీసుకుంటున్నాం," అన్నాడు.

*

శౌరి ఇంట్లో వంటగది బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. కుడి చెంప మీద చిన్న కట్టు. తూటా పేలి డోనల్ పోయిన శనివారం అతను డోనల్‌కు నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు.

"రెండు రకాల పెద్ద తూటాలూ ఇరవై చొప్పున చేశాను సార్," అన్నాడు. "సెవెన్ ఎమ్మెమ్ మ్యాగ్నమ్ ఇరవై, త్రీ హండ్రెడ్ మ్యాగ్నమ్ ఇరవై."

"రెండు రకాలెందుకు?"

"ఏ రైఫిల్ కొనాలో డోనల్ ఎంచుకోవాలని. ఇంతకుముందు ఇంత పెద్దవాటికి ఇక్కడ లైసెన్సు ఇచ్చేవాళ్ళు కాదంట. ఇప్పుడిస్తున్నారు. రెండు నెలలుగా ఆయనకు అదే ధ్యాస. త్రీ హండ్రెడ్‌లో గుండు బరువెక్కువ, దెబ్బ గట్టిగా తగులుద్ది. సెవెన్ ఎమ్మెమ్ కిందికి వంగకుండా తిన్నగా పోద్ది, భుజాన్ని తక్కువ తంతది. శనివారం రెండూ కాల్చి చూసి తేల్చేద్దామన్నాడు. త్రీ హండ్రెడ్ రైఫిల్ డెక్లన్‌ది. సెవెన్ ఎమ్మెమ్ షాపువాడు చూడమని ఇచ్చింది."

డెక్లన్ డోనల్‌కు ముప్పయ్యేళ్ళుగా స్నేహితుడు. విదేశీ వేటగాళ్ళను కొండల్లో తిప్పి చూపించడం అతని వృత్తి.

"రెండు రకాలకూ ఒకటే తుపాకిమందు పోశావా?"

"ఒకే డబ్బాలోది సార్. నెమ్మదిగా కాలే రకం. తొడుగు మెడదాకా నిండుద్ది. ముందు డెక్లన్ తన రైఫిల్లో మూడు కాల్చాడు, బాగానే పేలినయ్. తర్వాత డోనల్ సెవెన్ ఎమ్మెమ్ తీసుకుని పడుకుని గురిపెట్టాడు. మొదటి దెబ్బకే..." శౌరి తన చేతులు చూసుకున్నాడు. "రైఫిల్ పగిలి బోల్టు ముక్క ఆయన మెడలో దిగింది. నేను నొక్కి పట్టుకున్నాను సార్. ఆగలేదు."

"తూటాలు చేసింది ఎప్పుడు?"

"బుధవారం. పెట్టెల్లో సర్ది షెడ్డులోనే పెట్టాను. మళ్ళీ శనివారం దాకా అటు పోలేదు, షిఫ్టులున్నయ్."

"ఆ పని చెయ్యడానికి అనుమతి కాగితం ఉందా?"

శౌరి తల అడ్డంగా ఊపాడు. వీధిలోకి వచ్చాక కిరణ్మయి ఉండబట్టలేక అడిగింది. "డబ్బా తప్పు తీసిండేమో అంకుల్? ఎంత పనిమంతుడైనా ఒక్కోసారి అయితది కదా."

"ఒకే డబ్బా నుంచి రెండు రకాలూ చేశాడు. ఒకటి సరిగ్గా పేలింది, ఒకటి రైఫిల్‌నే చీల్చింది. అక్కడే నాకు లెక్క కుదరడం లేదు," అన్నాడాయన.

*

కేసు చూస్తున్న సార్జెంట్ హేస్ పొడుగాటి మనిషి, మర్యాదస్తుడు. సీలు వేసిన పెట్టెను తన ఎదుటే చూడటానికి ఒప్పుకున్నాడు. సెవెన్ ఎమ్మెమ్ తూటాలు పందొమ్మిది మిగిలాయి.

నాగరత్నం చేతులకు గ్లవ్స్ తొడుక్కుని ఒక్కొక్క తూటాను తీసి, అడుగు భాగాన్ని బల్లదీపం కింద అటూ ఇటూ వంచి చూసి, రెండు కుప్పలుగా పెట్టాడు. ఒక కుప్పలో పదిహేను, ఒక కుప్పలో నాలుగు. కిరణ్మయికి అన్నీ ఒకేలా కనిపించాయి. తర్వాత ఆయన పదిహేనులోంచి ఒకటి తీసి ఆమె చెవి దగ్గర ఆడించాడు. ఏ చప్పుడూ లేదు. నాలుగింటిలోంచి ఒకటి తీసి ఆడించాడు. లోపల సన్నగా, గింజలు కదిలినట్టు గలగలమంది.

"మ్యాగ్నమ్‌లో పొయ్యాల్సిన మందు తొడుగు నిండా ఉంటుంది, కదలడానికి చోటుండదు," అన్నాడు హేస్‌తో. "ఇది వేరే మందు. చప్పున కాలేది, కొద్దిగా పోస్తేనే ప్రమాదం."

"మా అనుమానమూ అదే. ఆ మనిషి డబ్బా పొరపడ్డాడు."

"కావచ్చు. ఈ చప్పుడు సంగతి ఇంకెవరికైనా చెప్పారా?"

"లేదు. ల్యాబ్ రిపోర్టే ఇంకా రాలేదు."

"చెప్పకండి. ఇంకొక్కటి. అడుగు భాగం ఫొటోలు దగ్గరగా తీయించండి, పందొమ్మిదింటివీ."

*

డోనల్ ఇంట్లో ఇప్పుడు అతని అక్క మోరా ఒక్కతే. డెబ్బై ఏళ్ళ మనిషి, నిటారుగా నడుస్తుంది. కొండ దిగువన ఎవరో కొత్త ఇళ్ళ వరస కడుతున్నారు, క్రేన్ చప్పుడు వంటగదిలోకి వినిపిస్తోంది. ఆమె టీ పోసి, తమ్ముడి నోటుపుస్తకం తెచ్చి ముందు పెట్టింది.

నాగరత్నం పేజీలు తిప్పాడు. రెండు మ్యాగ్నమ్‌ల గుణదోషాలు ఎదురెదురుగా గీత గీసి రాసుకున్నాడు డోనల్. అంతకుముందటి పేజీల్లో ఒకచోట ఆయన వేలు ఆగింది. కిరణ్మయి వంగి చదివింది. 'మార్చి 11. డెక్లన్ అంటాడు, త్రీ హండ్రెడ్ తన్నుకు భుజం రెండు రోజులు నల్లబడిందని. నా భుజానికి సెవెన్ నయం.'

"పోయేముందటి వారాల్లో మీ తమ్ముడు ఎలా ఉండేవాడు?" అడిగాడు నాగరత్నం.

"మాట్లాడేవాడు కాదు. రెండు వారాల కిందట కొత్తగా నాటిన అడవి పైనున్న బండల దాకా నడిచి వెళ్ళాడు. వచ్చేటప్పుడు రుమాల్లో ఏదో మూట కట్టుకొచ్చి ఆ ప్రెస్‌లో పెట్టాడు." ఆమె గోడ అల్మారా వైపు చూపించింది. "ఆ ఆదివారం చర్చిలో ఆ లిథువేనియా అబ్బాయి పేర మాస్ ప్రార్థన చెప్పించాడు. యోనస్ అని, రెండేళ్ళ కిందట మొక్కలు నాటడానికి వచ్చాడు. అడవిలో ఎవరి గుండో తగిలి పోయాడు. ఎవరు కాల్చారో తేలలేదు. ఆ గుండు కూడా దొరకలేదు."

"మీ తమ్ముడికి అతను తెలుసా?"

"ఒక వానరోజు మా ఇంట్లో సూప్ తాగాడు. అంతే."

రుమాలు ఇంకా అల్మారాలోనే ఉంది. అందులో ఒక ఖాళీ ఇత్తడి తొడుగు, నల్లబడి, అంచుల్లో ఆకుపచ్చ చిలుం పట్టి ఉంది. నాగరత్నం దాన్ని ముట్టుకోకుండా అడుగున చెక్కిన అంకె చదివాడు. త్రీ హండ్రెడ్. ఆయన ముఖం గంభీరమైంది.

"బుధవారానికీ శనివారానికీ మధ్య ఇక్కడికి ఎవరైనా వచ్చారా?"

"శుక్రవారం డెక్లన్ వచ్చాడు. రైఫిల్ ఆనించుకునే ఇసుక సంచులు దింపిపోయాడు. నేను టీ పెట్టేలోపు షెడ్డులో సర్దేసి వచ్చాడు. బుధవారం వాళ్ళిద్దరికీ ఫోన్లో ఏదో మాటామాటా వచ్చింది. 'శనివారంలోగా తేల్చుకో, లేకపోతే నేనే తేలుస్తాను' అని డోనల్ అనడం విన్నాను. ఏ రైఫిల్ కొనాలో దాని గురించే." ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఆఖరికి ఒక తుపాకి గురించి పోట్లాడుకున్నారు."

డెక్లన్ ఇల్లు అదే దారిలో ఉంది. బరువైన మనిషి, తలుపు దగ్గరే నిలబడి మాట్లాడాడు. డోనల్ పేరు రాగానే గొంతు బొంగురుపోయింది. ఆ దుఃఖం నటన కాదనే అనిపించింది కిరణ్మయికి.

"ఇంట్లో చేసిన తూటాలు వద్దని వందసార్లు చెప్పాను," అన్నాడతను. "నేనెప్పుడూ ఆ పని జోలికి పోలేదు. నాకు చేతకాదు కూడా. షాపులో కొంటాను, కాలుస్తాను."

"త్రీ హండ్రెడ్ మీకు అలవాటేనా?"

"సెప్టెంబరులో లైసెన్సు వచ్చింది. అప్పుడే మొదటిసారి చేత్తో పట్టుకున్నాను."

ఇద్దరూ కారెక్కి కొండ దిగారు. తర్వాత నాగరత్నం అడిగాడు. "ఎంచుకోవాల్సింది ఎవరమ్మా? డెక్లన్‌కు రైఫిల్ ఉంది. ఎటూ తేల్చుకోలేకపోయింది డోనల్. మరి 'తేల్చుకో' అని డోనల్ డెక్లన్‌తో ఎందుకంటాడు?"



*

మర్నాడు మధ్యాహ్నం మోరా వంటగదిలో అందరూ చేరారు. మోరా, శౌరి, ఎస్తేరమ్మ, డెక్లన్, సార్జెంట్ హేస్. బయట సన్నటి వాన. కిరణ్మయి తలుపు పక్కన నోటుబుక్కుతో నిలబడింది.

నాగరత్నం బల్ల మీద గుడ్డ పరిచి మూడు తూటాలు పెట్టాడు. "ఇవి ఉత్తుత్తివి. పేలవు. వీటిలో రెండు మంచివాటికి నమూనా, ఒకటి డోనల్‌ను చంపినదానికి నమూనా. ఏది ఏదో మీలో ఎవరైనా చెప్పగలరా? చేత్తో తీసుకుని చూడొచ్చు."

మోరా ఒకటి తీసుకుని తిప్పి చూసి, అర్థంకాక పెట్టేసింది. ఎస్తేరమ్మ ముట్టుకోనంది. శౌరి మూడూ తీసుకుని, ఒక్కొక్కదాని అడుగును కిటికీ వెలుతురులో ఏటవాలుగా వంచి చూశాడు. "ఇది సార్," అంటూ ఒకటి పక్కన పెట్టాడు. నాగరత్నం దాన్ని మళ్ళీ మిగతావాటిలో కలిపి డెక్లన్ ముందుకు తోశాడు.

డెక్లన్ మొదటిది తీసుకున్నాడు. చెయ్యి దానంతటదే చెవి దగ్గరకు వెళ్ళింది. రెండుసార్లు ఆడించి పెట్టేశాడు. రెండోదీ అంతే. మూడోది ఆడించగానే లోపల గలగలమంది. అతని చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.



"షాపులో కొనేవాడు తూటాను చెవి దగ్గర పెట్టుకుని వినడు డెక్లన్," అన్నాడు నాగరత్నం మెల్లగా. "మందు నింపడం అలవాటున్న చెయ్యి చేసే పని అది. లోపల చప్పుడు ఉంటుందని ఈ గదిలో సార్జెంటుకు, నాకు, కిరణ్మయికి తప్ప ఎవరికీ తెలియదు."

"ఎవరికైనా తోస్తుంది అది," అన్నాడు డెక్లన్.

"ఆ తూటాలు చేసిన శౌరికి తోచలేదు. అతను వేరే గుర్తు వెతికాడు." నాగరత్నం శౌరి వైపు తిరిగాడు. "ఏం చూశావో చెప్పు."

"మెరుపు సార్. ఇక్కడి వానకు చెమ్మ దిగకుండా అడుగున నిప్పందించే ప్రైమర్ బిళ్ళ చుట్టూ రంగులేని గోళ్ళరంగు పూస్తాను. ప్రతిదానికీ. వెలుతుర్లో వంచితేనే కనపడుద్ది."

ఎస్తేరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మిగిలిన పందొమ్మిదింటిలో పదిహేనుకు ఆ పూత ఉంది," అన్నాడు నాగరత్నం. "చప్పుడు చేసే నాలుగింటికీ లేదు. డబ్బా పొరపడిన మనిషి సరిగ్గా ఆ నాలుగింటికే పూత పూయడం మరిచిపోడు. అవి శౌరి చేసినవి కావు. ఎవరో చేసి తెచ్చి పెట్టెలో పైవరసలో ఐదు మార్చారు. డోనల్ పేల్చింది ఐదోది. శుక్రవారం షెడ్డులో ఒంటరిగా ఉన్నది మీరు. డోనల్ భుజానికి సెవెన్ ఎమ్మెమ్మే నయమని, శనివారం అతను దాన్నే ముందు తీసుకుంటాడని తెలిసినదీ మీకే. త్రీ హండ్రెడ్ మీరే కాలుస్తారు గనక ఆ పెట్టె జోలికి పోలేదు."

"డోనల్‌ను నేనెందుకు చంపుతాను? అన్నదమ్ముల్లా మెలిగాం!"

నాగరత్నం రుమాలు విప్పాడు. "ఇందుకు. యోనస్ పోయినచోటికి పైనున్న బండల్లో దొరికింది. త్రీ హండ్రెడ్ తొడుగు. అప్పట్లో ఈ చుట్టుపక్కల దానికి ఎవరికీ లైసెన్సు లేదు, సార్జెంట్ రికార్డులు చూశారు. మీరు మొన్న సెప్టెంబరులో మొదటిసారి పట్టుకున్నానన్నారు. మార్చిలోనే దాని తన్నుకు భుజం నల్లబడిందని డోనల్‌తో చెప్పారు. అతను రాసి పెట్టుకున్నాడు. మ్యాగ్నమ్‌లు బేరీజు వేసుకుంటూ ఆ మాట మళ్ళీ చదివాడు. లైసెన్సుకు ముందే మీ దగ్గర దొంగ తుపాకి ఉందని తట్టి, యోనస్ చావు గుర్తొచ్చి, అనుమానంతో బండల దాకా వెళ్ళి వెతికాడు. 'శనివారంలోగా తేల్చుకో' అన్నది తుపాకి గురించి కాదు మోరా గారూ. గార్డ్స్ దగ్గరికి తనంతట తానే వెళ్ళడానికి స్నేహితుడికి గడువిచ్చాడు."

హేస్ అందుకున్నాడు. "ఈ ఉదయం వారెంటుతో మీ షెడ్డు వెతికాం డెక్లన్. నేలపలకల కింద పాత రైఫిల్ దొరికింది. తూటాలు నింపే రీలోడింగ్ మెషీన్ కూడా."

డెక్లన్ బల్ల మీది తూటాల్నే చూస్తూ కూర్చున్నాడు. మాట్లాడినప్పుడు మోరా వైపు చూడలేదు.

"పొగమంచు. పొదల్లో జింక కొమ్ములు కదిలాయనుకున్నాను. మొక్కల కట్ట భుజానేసుకుని వస్తున్నాడు వాడు. దిగి వెళ్ళి చూశాను. ఇంకా ఊపిరుంది." ఒక తూటాను వేలితో పక్కకు నెట్టాడు. "లైసెన్సు లేని తుపాకి. నా బతుకంతా ఆ కొండల మీదే. వెనక్కి తిరిగి వచ్చేశాను. శనివారం కాల్చి చూడటం అయిపోయాక ఇద్దరం కలిసి గార్డ్స్ దగ్గరికి వెళ్దామన్నాడు డోనల్. నాతో వస్తానన్నాడు. పక్కన నిలబడతానన్నాడు."

"మరి వెళ్ళకపోయావా?" అంది మోరా. హేస్ డెక్లన్ భుజం మీద చెయ్యి వేసి లేపాడు.

*

శౌరికి పాస్‌పోర్టు తిరిగి వచ్చింది. అనుమతి లేకుండా తూటాలు నింపినందుకు మాత్రం కోర్టుకు వెళ్ళాల్సి వచ్చింది. అది తప్పించమని ఎస్తేరమ్మ అడగలేదు, నాగరత్నమూ ప్రయత్నించలేదు. "చేసింది ఒప్పుకో, చెయ్యంది మోయొద్దు," అన్నాడంతే. జడ్జి మందలించి జరిమానాతో వదిలేశాడు. ఆ తర్వాత శౌరి మళ్ళీ ఆ పని ముట్టుకోలేదు. డోనల్ సమాధి దగ్గరికి మాత్రం ప్రతి ఆదివారం మధ్యాహ్నం బస్సెక్కి వెళ్ళేవాడు.

డిసెంబరు మొదటి వారంలో మోరా ఆఫీసుకు ఫోన్ చేసి కిరణ్మయిని రమ్మంది. యోనస్ తల్లి చిరునామా హేస్ ద్వారా దొరికిందట. ఎస్తేరమ్మ పనిచేసే చోట ఒక లిథువేనియా అమ్మాయి ఉంది, తర్జుమా చేసి పెడతానంది. కానీ మోరా చేతులు వణుకుతున్నాయి, ఎవరైనా రాసిపెట్టాలి.

వంటగది బల్ల దగ్గర మోరా చెప్తుంటే కిరణ్మయి రాసింది. ఎక్కడ జరిగిందో, ఎవరు చేశారో, అది తెలుసుకున్న మనిషి ఏమయ్యాడో. ఒక వానరోజు మీ అబ్బాయి మా ఇంట్లో సూప్ తాగాడని, రెండోసారి వేయించుకున్నాడని. ఒకచోట కిరణ్మయి కలం ఆపింది.

"ఆంటీ, అతనికి ఇంకా ఊపిరున్న సంగతి," అంది మెల్లగా ఇంగ్లీషులో. "అది రాయాలా? ఆమె తల్లి కదా."

మోరా కిటికీలోంచి కొండవైపు చూసింది.

"నా తమ్ముడు మంచివాడు," అంది చివరికి. "మంచితనంతో రెండు వారాలు ఒక నిజాన్ని ఆ అల్మారాలో దాచాడు. ఇప్పుడు నేను ఇంకోటి దాచలేను. రాయి."

కిరణ్మయి రాసింది.